కత్తి పెట్టే ముందు దారి చూడాలి

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది. చేతి వేలికి గోరుచుట్టు లేస్తే చంకలో బిళ్ళ కడుతుంది. కోనసీమ పల్లెల్లో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పుండు పాదం మీద వుంటే బిళ్ళ గజ్జలో ఎందుకు కట్టిందని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు తక్కువ. చర్మం నుంచి ఆ బిళ్ళల దాకా కంటికి ఆనని సన్నని కాలువలు వున్నాయి. వాటిలో పారేది రక్తం కాదు, నీళ్ళవంటి రసం. డాక్టర్లు దానిని లింఫు అంటారు. పాఠ్యపుస్తకాలలో శోషరసం అని రాస్తారు. ముల్లు తాలూకు చెడు ఏ కాలువ గుండా గజ్జకు చేరుతుందో, చర్మం మీద పుట్టిన రాచపుండు కూడా ఆ కాలువ గుండానే అక్కడికి పాకుతుంది.

అందువల్లనే చర్మ క్యాన్సరుకు, ముఖ్యంగా మెలనోమా అనే నల్లమచ్చ క్యాన్సరుకు ఆపరేషను చేసే ముందు, ఆ మచ్చ దగ్గర పుట్టిన కాలువ ఏ బిళ్ళకు పారుతున్నదో బొమ్మ తీసి చూసే పద్ధతి ఏర్పడింది. దాని పేరు లింఫోసింటిగ్రఫీ. పేరు నోరు తిరగకపోవచ్చు గాని పని సులువైనదే. అయితే ఈ పరీక్ష వల్ల పల్లె రోగికి మేలు జరగాలంటే ఒక షరతు వున్నది. మచ్చ మీద తొలి కత్తి తొందరపడి పడకూడదు. ఆ ఒక్క తొందరపాటు, తరువాత వచ్చే పెద్ద డాక్టరు చేతిలో వుండవలసిన పటాన్ని ముందే చెరిపివేస్తుంది.

అరికాలి మచ్చను ఆనె అనుకుంటే

మెలనోమా తెల్లవారి జబ్బని, ఎండకు కమిలే ఒళ్ళకే వస్తుందని ఒక అభిప్రాయం వున్నది. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో అది ఎక్కువ, భారతదేశంలో అరుదు అన్న మాట వాస్తవమే. కాని అరుదు అంటే లేదని అర్థం కాదు. నల్లని, చామనచాయ ఒళ్ళ వారికి వచ్చినప్పుడు అది తరచుగా ఎండ తగలని చోట కనిపిస్తుంది. అరికాలిలో, అరచేతిలో, గోరు కింద మొలుస్తుంది. జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఈ జబ్బే. 1981 మే 11న, 36 ఏళ్ళ వయస్సులో, ఆ జబ్బుతోనే ఆయన కన్నుమూశారు. లోకమంతా ఎరిగిన మనిషికే కాలి వేలి మచ్చ ప్రాణాంతకమైతే, ఊడ్పులకూ కోతలకూ చెప్పులు లేకుండా చేలో దిగే కూలీ మాట చెప్పేదేమున్నది?

అరికాలు అద్దంలో చూసుకునే చోటు కాదు. బురద కడుక్కునేటప్పుడు నల్లమచ్చ కనబడినా ఆనె కాయ అనుకుంటారు, రాయి గుచ్చుకుని రక్తం గడ్డకట్టింది అనుకుంటారు. గోరు నల్లబడితే గడ్డపార తగిలి నలిగిందనుకుంటారు. ఒకరు జీడి పెడతారు. ఒకరు బ్లేడుతో పొరలు పొరలుగా గీస్తారు. మరొకరు వీధి చివర వైద్యుని చేత కోయించి, కోసిన ముక్కను పారవేయించి కట్టు కట్టించుకుంటారు. మచ్చ పోయిందని సంతోషించిన కొన్ని నెలలకు గజ్జలో బిళ్ళ తేలుతుంది. ఈసారి అది ముల్లు గుచ్చుకున్నప్పటి బిళ్ళలా నొప్పి పుట్టదు, నాలుగు రోజులకు తగ్గదు. గట్టిగా రాయిలా వుండిపోతుంది.

అరికాలిలో గాని అరచేతిలో గాని కొత్తగా మచ్చ వచ్చి పెరుగుతున్నా, వున్న మచ్చ అంచులు వంకరలు తిరిగినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, గీరకుండానే రక్తం చెమర్చినా డాక్టరుకు చూపవలసిందే. గోటి మీద నల్లని చార లేచి, ఆ నలుపు గోటి పక్క చర్మం మీదికి పాకితే అసలే ఆలస్యం పనికిరాదు. కొన్ని మెలనోమాలు నల్లగా కూడా వుండవు. మానని ఎర్రని పుండులా కనిపించి మోసం చేస్తాయి.

పాత పటం తప్పింది

కాలువలు ఏ వైపు పారుతాయో ముందే తెలుసు కదా, కాలి మచ్చకు గజ్జ, చేతి మచ్చకు చంక అని ఊళ్ళోవారే చెబుతున్నారు కదా, ఇంకా బొమ్మ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వందేళ్ళపాటు డాక్టర్లు కూడా ఇలాగే అనుకున్నారు. ఫ్రాన్స్ దేశపు శరీర శాస్త్రజ్ఞుడు సాపే శవాల చర్మంలోకి పాదరసం ఎక్కించి, ఈ కాలువలను గీసి, 1874లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒంటి నడిమధ్య నిలువుగా ఒక గీత, నాభి దగ్గర నడుము చుట్టూ అడ్డంగా ఒక గీత. పైభాగం చంకలకు, కింది భాగం గజ్జలకు, కుడి కుడికి, ఎడమ ఎడమకు పారుతుందన్నది ఆ లెక్క. సర్జన్లు ఆ పటాన్నే నమ్మి కత్తి పట్టారు.

బతికివున్న మనిషిలో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుందని తరువాత తేలింది. 1977లో అమెరికాలో డాక్టర్ డొనాల్డ్ మోర్టన్ బృందం, అణుధార్మిక బంగారపు సన్నని రేణువులను మచ్చ చుట్టూ ఎక్కించి, అవి ఏ బిళ్ళల గుంపుకు చేరుతున్నాయో చూసింది. 1992లో ఆ డాక్టరే, మచ్చ దగ్గర నీలిరంగు ఎక్కించి, ఆ రంగు మొట్టమొదట చేరే బిళ్ళను పట్టుకుని అదొక్కటే తీసి పరీక్షించే పద్ధతిని లోకానికి వెల్లడించాడు. ఆ మొదటి బిళ్ళను ఇంగ్లీషు డాక్టర్లు కావలివాడు అనే పేరుతో పిలుస్తారు. పొలిమేరలో కావలివాణ్ణి దాటకుండా దొంగ ఊళ్ళోకి రాలేడన్నది దానిలోని భావం. తెలుగులో కావలి బిళ్ళ అనవచ్చు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో డాక్టర్ రోజర్ యురెన్, డాక్టర్ జాన్ థాంప్సన్ తదితరులు వేలాది రోగులకు ఈ బొమ్మలు తీసి చూశారు. వీపు మీది మచ్చ ఒకే చంకకు గాక రెండు చంకలకూ పారిన రోగులు వున్నారు. గీత దాటి అవతలి వైపుకు పారినవారు వున్నారు. కొందరిలో చంక వెనుక, వీపు కండరాల సందున, ఎవరూ వెతకని చోట కావలి బిళ్ళ దొరికింది. మడమ మీది మచ్చకు గజ్జతో పాటు మోకాలి వెనుక గుంటలో కూడా బిళ్ళ వుండవచ్చు. ముంజేతి మచ్చకు మోచేతి దగ్గర వుండవచ్చు. అంటే, గజ్జ ఒక్కటే తడిమి చూసి అంతా బాగున్నదని పంపివేస్తే, దొంగ మోకాలి వెనుక దాగి వుండే అవకాశం వున్నదన్నమాట.

మురుగు ఏ కాలువలో కలుస్తున్నదో తెలియనప్పుడు రైతు కాగితం మీది పటాన్ని నమ్మి కూర్చోడు. నాలుగు దోసిళ్ళ ఊక నీటిలో వదిలి, అది ఎక్కడ తేలుతుందో గట్టు వెంట నడిచి చూస్తాడు. లింఫోసింటిగ్రఫీలో జరిగేది అచ్చంగా అదే.

పరీక్ష అంటే కరెంటు పెట్టడం కాదు

అణుధార్మిక మందు అనగానే పల్లెల్లో భయం పుడుతుంది. క్యాన్సరుకు కరెంటు పెట్టించుకున్నవారిని చూసిన భయం అది. ఇది కరెంటు పెట్టడం కాదు. మచ్చ వున్న చోట, లేదా ముక్క తీసిన గాటు చుట్టూ, సన్నని సూదితో నాలుగైదు చోట్ల చర్మంలోకి కొద్దిపాటి మందు ఎక్కిస్తారు. కొన్ని క్షణాలు తేలు కుట్టినట్టు చురుక్కుమంటుంది. ఆ మందులో టెక్నీషియం అనే పదార్థం వుంటుంది. దాని బలం ఆరు గంటలకు సగమైపోతుంది. మరి ఆరు గంటలకు ఆ సగంలో సగం. ఒక రోజు గడిచేసరికి పదహారో వంతు మిగులుతుంది. రోగిని గామా కెమెరా కింద పడుకోబెడతారు. ఆ కెమెరా ఒంట్లోకి ఏమీ పంపదు, ఒంట్లో నుంచి వచ్చే వెలుగును పట్టుకుంటుంది, అంతే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ముందుగా చెప్పాలి.

కొద్ది నిమిషాలలోనే తెర మీద కాలువ గీతలా కనిపించి, దాని చివర బిళ్ళ చుక్కలా వెలుగుతుంది. ఒకటి రెండు గంటల తరువాత మళ్ళీ తీస్తారు. ఆ బిళ్ళ వున్న చోట చర్మం మీద సిరాతో గుర్తు పెడతారు. ఆపరేషను అదే రోజు గాని మరునాడు గాని జరుగుతుంది. అప్పుడు నీలిరంగు కూడా ఎక్కించి, పెన్నులాంటి చిన్న యంత్రాన్ని గుర్తు మీద ఆనిస్తారు. మందు చేరిన బిళ్ళ దగ్గరకు రాగానే యంత్రం మోత పెరుగుతుంది. చిన్న గాటుతో ఆ బిళ్ళను తీసి, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రంగు ఎక్కినందువల్ల ఒకటి రెండు రోజులు మూత్రం నీలిపచ్చగా వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. ఆ రంగు అరుదుగా కొందరికి పడదు కాబట్టి మత్తు డాక్టరు దగ్గరే వుంటారు.

ఈ పరీక్ష నల్లమచ్చ వున్న ప్రతివారికీ చేయరు. మచ్చ చర్మంలోకి ఎంత లోతు దిగిందో ముక్క పరీక్షలో కొలుస్తారు. మిల్లీమీటరు లోతు దాటితే సాధారణంగా ఈ పరీక్ష సూచిస్తారు. బాగా పలుచని మచ్చకు సాధారణంగా అవసరం వుండదు. అంటే ముక్క పరీక్ష లేకుండా అసలు నిర్ణయమే లేదు. కోసిన ముక్కను కుప్పలో పారవేయడం ఎంత అనర్థమో దీనిని బట్టే గ్రహించాలి.

తొలి కత్తి సమస్య కూడా ఇక్కడే వున్నది. అనుమానమున్న మచ్చను తక్కువ అంచుతో తీసి, లేదా పెద్ద మచ్చ అయితే దానిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే కాలువలు చెదరవు. అలాగాక మొదటిసారే విశాలంగా కోసి, పక్క చర్మం జరిపి కుట్టివేస్తే అక్కడి కాలువలు తెగిపోతాయి, రసం కొత్త దారులు వెతుక్కుంటుంది. ఆ తరువాత తీసిన బొమ్మ, మచ్చ వున్ననాటి దారినే చూపుతున్నదన్న నమ్మకం తగ్గుతుంది.

బోదకాలు ఎరిగిన నేలకు చెప్పనక్కరలేదు

పూర్వం మెలనోమా వస్తే, ఎందుకైనా మంచిదని గజ్జలోని బిళ్ళలన్నీ ఊడదీసే అలవాటు వుండేది. బిళ్ళలన్నీ పోతే కాలి రసం పారే దారి వుండదు. కాలు వాచి, ఆ వాపు కొందరికి జన్మంతా వుండిపోతుంది. ఈ బాధ ఎలాంటిదో గోదావరి డెల్టాలో ప్రత్యేకించి చెప్పాలా? బోదపురుగు కాపురం వుండేది ఈ కాలువల్లోనే. అవి పాడైనందువల్లనే బోదకాలు వస్తుంది. చీర కుచ్చిళ్ళ కింద కాలు దాచుకున్న ఆడవారిని, చెప్పు పట్టక గోనెపట్టా చుట్టుకున్న మగవారిని చూసిన ఈ ప్రాంతం, అనవసరంగా బిళ్ళలు తీయించుకోవడం ఎంత నష్టమో తేలికగా గ్రహించగలదు.

2017లో వెల్లడైన అంతర్జాతీయ పరిశోధన ఒకటి ఈ విషయాన్ని అంకెలతో నిరూపించింది. కావలి బిళ్ళలో క్యాన్సరు కనిపించిన 1,900 మందికి పైగా రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆ ప్రాంతంలోని మిగిలిన బిళ్ళలన్నీ తీశారు. రెండవ జట్టుకు తీయక, అల్ట్రాసౌండుతో కనిపెట్టుకుని వున్నారు. మూడేళ్ళకు మెలనోమా బారినపడి చనిపోకుండా మిగిలినవారు రెండు జట్లలోనూ సమానంగానే వున్నారు. వాపు మాత్రం మొదటి జట్టులో నూటికి 24 మందికి, రెండవ జట్టులో నూటికి ఆరుగురికి వచ్చింది. కావలి బిళ్ళ ఏదో తెలిస్తేనే మిగిలిన బిళ్ళల జోలికి పోకుండా వుండడం సాధ్యం. అది తెలియాలంటే బొమ్మ కావాలి.

ఇదివరకే బోదకాలు వున్నవారు ఆ సంగతిని డాక్టరుకు ముందుగా చెప్పడం అవసరం. వారి కాలువలు అసలే చెదిరి వుంటాయి. గమనించదగిన విషయమేమంటే, బోద రోగుల కాలువల స్థితి తెలుసుకునేందుకు కూడా ఇదే పరీక్షను వాడుతారు.

ఉన్నదున్నట్టు చెప్పాలి

ఈ పరీక్ష చేయిస్తే ప్రాణం నిలిచినట్టేనని ఎవరైనా చెబితే అది అబద్ధం. కావలి బిళ్ళ పరీక్ష చేసినవారిని, చేయనివారిని పోల్చి 2014లో ముగింపు ఫలితాలు ప్రకటించిన పరిశోధనలో, మొత్తం రోగులను లెక్కగడితే మెలనోమా మరణాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే లాభమేమిటి? జబ్బు ఎంతవరకు పాకిందో తెలుస్తుంది. ఎవరికి ఆపరేషనుతో సరిపోతుందో, ఎవరికి ఆ తరువాత మందులు ఇవ్వాలో తేలుతుంది. బిళ్ళ శుభ్రంగా వున్నవారు చాలావరకు గుండె మీద చేయి వేసుకుని పనిలోకి పోవచ్చు. కాలు వాపు తప్పించుకోవచ్చు. కాలి మీద నిలబడి పనిచేస్తే తప్ప పూటగడవని మనిషికి ఇది చిన్న లాభం కాదు.

అరుదైన జబ్బు కోసం ప్రభుత్వం లక్షలు పోసి యంత్రాలు ఎందుకు పెట్టాలని మరో వాదన వినిపించవచ్చు. గామా కెమెరా మెలనోమాకు మాత్రమే పనికివచ్చే యంత్రం కాదు. ఎముకలకు పాకిన క్యాన్సరును, మూత్రపిండాల పనిని, థైరాయిడును చూసేదీ అదే. పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఆడవారిని బాధిస్తున్న రొమ్ము క్యాన్సరులో, చంకలోని కావలి బిళ్ళను వెతికేందుకూ ఇదే మార్గం వున్నది. చంక బిళ్ళలన్నీ తీసిన తరువాత చేయి వాచి, బిందె ఎత్తలేని ఆడవారి గోడును లెక్కలోకి తీసుకుంటే ఇది అరుదైన అవసరమేమీ కాదని తేలుతుంది.

చేయవలసినది

హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటి సంస్థలలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు వున్నాయి. కోస్తా జిల్లాల వారికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి వున్నది. కాని పల్లె కూలీకి దూరమన్నది కిలోమీటర్లలో లేదు. రెండు రోజుల కూలి, తోడు వచ్చే మనిషి కూలి, బస్సు ఛార్జీ, అక్కడ ఎవరిని అడగాలో తెలియని బెరుకు — దూరమంటే ఇవి. టెక్నీషియం గంటలలో తరిగిపోయే సరుకు. అది పుట్టే పెట్టె కూడా వారం రోజులకు వట్టిపోతుంది. అందుచేత పరీక్షకు ఒక రోజు నిర్ణయిస్తే ఆ రోజే పోవాలి. బస్సు తప్పిపోయిందంటే ఆ రోజు మందు వృథా, ఆపరేషను వాయిదా.

కాబట్టి జిల్లా వైద్యాధికారులు కొన్ని పనులు వెంటనే చేయవలసి వున్నది. కుష్ఠు సర్వేకు ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు ఒంటి మీది మచ్చలు చూస్తూనే వున్నారు. అదే చూపుతో అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళు కూడా చూడమని వారికి చెబితే పైసా ఖర్చు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, అనుమానపు మచ్చను విశాలంగా కోయరాదని, కోసిన ముక్కను పారవేయరాదని స్పష్టమైన ఉత్తరువు వుండాలి. రోగిని పెద్ద ఆసుపత్రికి పంపేటప్పుడు చీటీ చేతిలో పెట్టి చేతులు దులుపుకోకుండా, అక్కడి విభాగానికి ఫోను చేసి రోజు ఖాయం చేసి పంపాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పేర్లు మారుతూ వచ్చిన ప్రభుత్వ పథకం కింద ఏ పరీక్షకు డబ్బు వస్తుందో, దేనికి రాదో ఆసుపత్రి బల్ల దగ్గరి ఆరోగ్యమిత్ర రోగికి ముందే చెప్పాలి. ప్రభుత్వ బోధనాసుపత్రులలో న్యూక్లియర్ మెడిసిన్ లేని చోట దానిని దశలవారీగా నెలకొల్పడం ప్రభుత్వ బాధ్యత.

గ్రామ వైద్యులను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది వారే. వారికి శత్రువులా గాక మొదటి కాపలాదారులా శిక్షణ ఇస్తే, బ్లేడు కింద పెట్టి రోగిని బస్సు ఎక్కించేది కూడా వారే అవుతారు.

ఇక రైతులు, కూలీలు తమంతట తాము చేసుకోగలిగినది ఒకటి వున్నది. సాయంత్రం చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న తరువాత, దీపం వెలుగులో అరికాలు ఒకసారి తిప్పి చూసుకోవడం. ముసలివారి కాళ్ళు పిల్లలు చూడాలి. కొత్త మచ్చ కనబడితే జీడి వద్దు, బ్లేడు వద్దు. డాక్టరు కోస్తానంటే ముక్క పరీక్షకు పంపుతారా అని, పెద్ద ఆపరేషను అంటే ముందు బిళ్ళల దారి చూశారా అని అడగడానికి జంకనక్కరలేదు. పొలానికి నీరు పెట్టే ముందు బోదె ఎటు పోతున్నదో చూసుకునే రైతుకు, తన ఒంటి మీద కత్తి పెట్టే ముందు ఆ మాత్రం అడిగే హక్కు వున్నది.